ఆరున్నొక్కటో మెట్టు

ఆశ్వయుజ బహుళ పంచమి

దీపం మళ్ళీ మసకబారింది. పోయిన నెలలోనే మార్చాను. గోడ పద్నాలుగో ముక్క నుంచి వచ్చిన రాతి బిళ్లల ఫోటోల్లో ఆరో మెట్టు నుంచి ఎనిమిదో మెట్టు దాకా మబ్బు పట్టినట్టున్నాయి. కొత్త దీపానికి అర్జీ పెట్టాను. ఈ సంవత్సరంలో ఇది తొమ్మిదో అర్జీ. పై మండలిలో నన్ను దీపాల లింగమూర్తి అంటారని నాకు తెలుసు. అనుకోనీ.

తిరగలి నడిమి కుదర్చడానికి ముప్పావు గంట పట్టింది. తిరగలి అంటే మైక్రోస్కోపు కింద తిరిగే గుండ్రటి బల్ల. దాని అసలు పేరు పెట్టె మీద ఉండేది, ఉప్పుగాలికి చెరిగిపోయింది. మధ్యలో బిళ్ల పెట్టి చేత్తో తిప్పుతాం. పది డిగ్రీలకొకసారి టక్కుమని ఆగుతుంది. ఆ ఆగేచోటును మెట్టు అంటాం. తొమ్మిది మెట్లకు తొమ్మిది ఫోటోలు. నడిమి వెంట్రుకంత తప్పినా చాలు, చూడాల్సిన గింజ కాస్తా తిప్పుతుండగానే పక్కకు జారి కనపడకుండా పోతుంది. కుదర్చడానికి రెండు మరలున్నాయి. ఒకటి బిగిస్తే రెండోది వదులవుతుంది. పదకొండేళ్లుగా రోజూ పొద్దున నాకూ ఈ రెండు మరలకూ ఇదే కాపురం.

తిప్పడానికి మూడుసార్లు మోటార్లు పంపారు. మూడూ మా ఉప్పు తిని మాకే ద్రోహం చేశాయి. అందుకని సామ్రాజ్యమక్క చేత్తో తిప్పుతుంది. కెమెరాకు మీటలు లేవు, చెవి ఉంది. అక్క మెట్టు లెక్క పైకి చెబితే అది విని ఫోటో తీసి, ఆ లెక్క గడిలో పెట్టుకుంటుంది. అక్క గొంతు తప్ప ఇంకెవరి గొంతూ దానికి పట్టదు. నేను అరిచినా ఉలకదు, పలకదు.

ఇవాళ బిళ్లలు పదకొండు. ఫోటోలు చూసి తీర్పు చెప్పే యంత్రం అన్నిటికీ "కుశలం" అంది. సంతకం పెట్టాను.

ఆశ్వయుజ బహుళ షష్ఠి

గోడకు మేత పోసే రోజు. పేటలన్నీ మురిగిన రొయ్యల కంపు. కిటికీలు మూసుకుని బిళ్లలు అరగదీశాను. గోడలోంచి తొలిచి తెచ్చిన రాతి కడ్డీని పలచగా కోసి, గాజుకు అంటించి, గరుకుపొడి మీద రుద్దుతూ ఉల్లిపొరంత చేయాలి. ఒక్క రుద్దు ఎక్కువైతే రాయి మొత్తం పొడిలో కలిసిపోతుంది. ఇవాళ రెండు అలాగే పోయాయి. నా వేలిముద్రలు ఎప్పుడో అరిగిపోయాయి. రేషను దుకాణంలో యంత్రం నన్ను మనిషి కింద జమకట్టడం మానేసింది.

మధ్యాహ్నం బడిపిల్లలు చూడటానికి వచ్చారు. వాళ్లకు చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను. ఈ గోడ కట్టింది కాదు, పెంచింది. కంటికానని పురుగులు మేత తిని సున్నపురాయి కక్కుతాయి. ఆ రాయే సముద్రాన్ని ఆపుతోంది. రాతిలోని గింజలు తలోదిక్కుకు తిరిగి ఉంటే గోడ గట్టిది. అన్నీ ఒకేవైపు తిరిగి వరసకట్టి నిలబడితే ఆ వరస వెంట గోడ నిలువునా చీలుతుంది. బయటినుంచి చూస్తే రెండు గోడలూ ఒకేలా ఉంటాయి. తేడా తెలిసేది తిరగలి మీదే. బిళ్లకు కిందొకటి, పైనొకటి వెలుగును వడకట్టే జల్లెడ అద్దాలు పెట్టి తిప్పితే, ప్రతి గింజా ఏదో ఒక మెట్టులో ఆరిపోయి మళ్ళీ వెలుగుతుంది. ఒక్కోటి ఒక్కో మెట్టులో ఆరితే కుశలం. అన్నీ కలిసి ఒకే మెట్టులో ఆరిపోతే జబ్బు.

"అన్నీ కలిసి ఆరిపోవడం మీరెప్పుడన్నా చూశారా?" అని ఒక పిల్ల అడిగింది.

పదకొండేళ్లలో ఒక్కసారీ చూడలేదన్నాను. గొప్పగానే అన్నాను.

ఆశ్వయుజ బహుళ అష్టమి

నిన్న సెలవు. ఇవాళ సామ్రాజ్యమక్క రాలేదు. గొంతు పట్టేసిందని లోతుపేట నుంచి మేత బండివాడితో కబురు పంపింది. ఆమె లేనిదే ఫోటోలు లేవు. ఖాళీగా కూర్చుంటే నిద్రొస్తుంది, నిద్రపోతే మెడ పట్టేస్తుంది. అందుకని పద్నాలుగో ముక్క బిళ్ల ఒకటి తిరగలి మీద పెట్టి, కంటి గొట్టం తుడిచి, నేనే తిప్పుతూ చూశాను.

నిజం చెప్పాలంటే నేను బిళ్లను తొమ్మిది మెట్లూ కంటితో చూసి చాలా ఏళ్లయింది. మొదటి మెట్టులో స్పష్టంగా కుదర్చడం వరకే నా వంతు. ఆ తర్వాత అక్కకు అప్పగించి, నేను వెనక గదిలోకి పోయి తర్వాతి బిళ్ల అరగదీస్తాను. అలా చేస్తే రోజుకు పదకొండు బిళ్లలవుతాయి, పక్కనే నిలబడితే ఆరు.

ఆరో మెట్టు మసకగా ఉంది. ఏడో మెట్టుకు తిప్పాను. చీకటి. దీపం పోయిందనుకుని దాన్నీ, పంపినవాళ్లనూ కలిపి తిట్టాను. ఎనిమిదికి తిప్పితే కాస్త వెలుగొచ్చింది. వెనక్కి ఏడుకు తిప్పితే మళ్ళీ చీకటి. మొదటి మెట్టుకు వస్తే కళ్లు చెదిరే వెలుగు. దీపానికేం కాలేదు.

పద్నాలుగో ముక్క కింద ఉన్నది లోతుపేట. మూడువందల పన్నెండు ఇళ్లు.

ఆశ్వయుజ బహుళ నవమి

అదే ముక్క నుంచి వచ్చిన పాత బిళ్లలు ఆరు తీసి చూశాను. అన్నీ ఏడో మెట్టులో మొత్తం ఆరిపోతున్నాయి. తర్వాత ఆ బిళ్లలకు అప్పట్లో తీసిన ఫోటోలు బయటికి తీసి చూశాను. ఏడో గడిలో ఫోటో ఉంది, చీకటిగా లేదు, మసకగా ఉంది. అద్దం కింద పెట్టి చూస్తే ఒక్కో గింజకూ రెండేసి అంచులున్నాయి.

అరగంట ఆ రెండు అంచుల వంకే చూస్తూ కూర్చున్నాక అర్థమైంది. అది తీసిన ఫోటో కాదు. ఉప్పు వల్ల మధ్యలో ఒక ఫోటో ఎగిరిపోతే పని ఆగకుండా, ముందుదాన్నీ వెనకదాన్నీ కలిపి ఖాళీ గడి నింపుకునే గుణం మా యంత్రానికి ఉంది. అది మంచి సౌకర్యమని మేమే అడిగి పెట్టించుకున్నాం. ఆరునూ ఎనిమిదినీ కలిపి ఏడు వండింది. ఒక బిళ్లకు కాదు, రెండు బిళ్లలకు కాదు, నేను తీయించిన ప్రతి బిళ్లకూ.

మరి ఏడో ఫోటో ఎందుకు తీయడం లేదో తెలియదు. రేపు అక్క వస్తుంది.

ఆశ్వయుజ బహుళ దశమి

అక్క వచ్చింది. మెడకు తువ్వాలు చుట్టుకుని, మిరియాల కషాయం సీసా పక్కన పెట్టుకుని కూర్చుంది. నేను వెనక గదిలోకి వెళ్లలేదు. తలుపు దగ్గర నిలబడి విన్నాను.

"లాభం," అంది. టక్కుమంది. ఫోటో పడింది. "రెండు. మూడు. నాలుగు. అయిదు. ఆరు." ఫోటోలు పడ్డాయి. తిరగలి మళ్ళీ టక్కుమంది. "ఆరున్నొక్కటి," అంది. ఫోటో పడలేదు. ఆమె చెయ్యి అలవాటుగా ముందుకే పోయింది. "ఎనిమిది. తొమ్మిది."

"అక్కా, ఆరు తర్వాత ఏమన్నావు?"

"ఆరున్నొక్కటి."

"అంటే?"

"అంటే ఏంటయ్యా, ఎనిమిదికి ముందుది."

"దాని పేరు చెప్పక్కా."

"నీకు తెలవదా ఏంటి? మా నాయన కళ్లాల్లో వడ్లు కొలిచేవోడు. కొలిచేకాడ ఆ అంకె నోట పలికితే గింజ పోసుకున్న ఇంట్లో ఏడుపు తప్పదనేవోడు. లాభం, రెండు, మూడు... అట్టాగే కొలిచి పెరిగాం. ఇప్పుడు ముసలిదాన్నయ్యాక మార్చుకోమంటావా?"

"ఇక్కడ వడ్లు లేవు గదక్కా."

"మొదటిరోజు నువ్వే గదా చెప్పింది, ఇయ్యి గింజలని! గింజలు చూసేకాడ ఆ మాట ఎట్టా అంటాను తమ్ముడూ?"

నిజమే. గింజలని చెప్పింది నేనే.

యంత్రం బిగించినరోజు కూడా గుర్తొచ్చింది. "లాభం" అనగానే అర్థంకాక అది ఆగిపోయి కూతపెట్టింది. వచ్చిన కుర్ర ఇంజనీరు నవ్వి, లాభమంటే ఒకటని దానికి నేర్పించి వెళ్లాడు. "ఆరున్నొక్కటి" దగ్గర అది ఆగలేదు. ఆరు అని విన్నది, ఆరో గడి అప్పటికే నిండి ఉంది, వదిలేసింది. ఒకటి అని విన్నది, అదీ నిండి ఉంది, వదిలేసింది. కూతపెట్టిన తప్పును ఆరోజే దిద్దాం. కూతపెట్టనిది పదకొండేళ్లు మాతోనే ఉంది.

ఇదంతా అక్కకు ఇవాళ చెప్పలేదు. గొంతు బాగోలేదు కదా, ఇంటికి పొమ్మన్నాను. సప్తమినాడు ఆస్పత్రికి పోయినా తగ్గలేదని చెబుతూ వెళ్లింది. సప్తమి అనడానికి ఏ ఇబ్బందీ లేదట.

ఆశ్వయుజ బహుళ ఏకాదశి

ఇవాళ చేయకూడదనుకున్న పని చేశాను. నాలుగేళ్ల కిందట తొమ్మిదో ముక్క తెగింది. నలభై ఒక్కమంది పోయారు. కారణం దొరకలేదని కాగితాల్లో ఉంది. అది తెగడానికి నెల ముందు తీసిన బిళ్ల పెట్టెలో అడుగున ఉంది. మీద నా అక్షరాలతో "కుశలం" అని ఉంది.

తిరగలి మీద పెట్టి తిప్పాను. ఏడో మెట్టులో ఒక్క గింజ కూడా వెలగలేదు.

పాత చిట్టాలు తిరగేశాను. ఆ నెలలో నేను రాసింది: "ఆరు నుంచి ఎనిమిది మెట్ల దాకా మసక. దీపం మార్చాలి." అంతకుముందు నెలలోనూ అదే. ఒక్కసారి లేచి వచ్చి గొట్టంలో కన్ను పెట్టి ఉంటే సరిపోయేది. నేను అర్జీలు రాశాను. అక్కది తెలియని తప్పు. నాది అలా అనడానికి లేదు. రోజుకు పదకొండు బిళ్లలు చేస్తానని పేరు తెచ్చుకున్నవాడిని.

ఆశ్వయుజ బహుళ త్రయోదశి

నసీమా గారికి అంతా చెప్పాను. ఈ వైపు గోడకు ఆమే ఇంజనీరు, వయసులో నాకన్నా పదిహేనేళ్లు చిన్న. కుర్చీ జరుపుకుని గొట్టంలో తనే చూశారు. ఏడో మెట్టులో చాలాసేపు ఆగిపోయారు.

"కార్తీక పౌర్ణమి పోటు ఈ సంవత్సరానికి పెద్దది. అప్పటిలోగా లోతుపేట ఖాళీ చేయించాలి," అన్నారు. "కానీ లింగం గారూ, నా కంటిని నమ్మి మండలి ఒక్క ఇల్లు కూడా కదిలించదు. పద్నాలుగో ముక్క నుంచి మూడు కొత్త బిళ్లలు, తొమ్మిది మెట్లూ నిజంగా తీసిన ఫోటోలు, యంత్రం ముద్రతో కావాలి."

"నా గొంతు నేర్పించండి. నేను చెబుతాను."

"కొత్త గొంతు ఎక్కించాలంటే పైనుంచి మనిషి రావాలి. రెండు నెలలు. ఆవిడే చెప్పాలి."

అప్పటికే అక్క తలుపు దగ్గరుంది. ఎప్పుడొచ్చిందో మాకు తెలియదు. "తొమ్మిదో ముక్క కూడానా?" అని అడిగింది. అవునన్నాను. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది.

కార్తీక శుద్ధ తదియ

అమావాస్య పోటు గడిచింది. గోడ నిలబడింది. అక్క పనికి రాక అయిదు రోజులైంది. మూడు కొత్త బిళ్లలూ అరగదీసి పెట్టుకున్నాను. ఇవాళ లోతుపేట వెళ్లాను.

లోతుపేటలో మధ్యాహ్నం మూడింటికే గోడ నీడ పడిపోతుంది. అక్క ఇల్లు గోడకు ఇరవై అడుగుల దూరంలో ఉంది. గోడకు ఆనించి బట్టల తీగ కట్టుకున్నారు. మనవరాలు ఆ రాతి మీద సుద్దతో గుమ్మడికాయ గీస్తోంది. అక్క అరుగు మీద కూర్చుని రొయ్యపొట్టు చెరుగుతోంది. నన్ను చూసి చాట పక్కన పెట్టలేదు.

"ఆ మాట అనకుండా ఉంటే ఎవురూ ఏడవరనుకున్నా," అంది. "అనకపోబట్టే గదా నలభై ఒక్కమంది ఇళ్లల్లో ఏడ్చింది. ఇంక నన్ను పిలవమాక తమ్ముడూ. నా నోరు మంచిది కాదు."

"నోటి తప్పు కాదక్కా. మసకగా ఉందని నాకు నెలనెలా కనపడింది. దీపం మీదికి నెట్టాను. లేచి వచ్చి చూడలేదు."

"ఎందుకు చూళ్లేదు?"

"ఆరు బిళ్లలు చేసేవాడు లింగమూర్తి అంటే చిన్నతనంగా ఉండేది. పదకొండు చేస్తున్నాననుకున్నాను."

ఆమె చాట ఆపింది. నన్ను చీవాట్లు పెడుతుందనుకున్నాను. పెడితే బాగుండేది.

"పైవాళ్లకు ఎవురి తప్పని రాత్తన్నారు?"

"ఇద్దరిదీ అని రాశాను. ముందు నాది, తర్వాత నీది."

"సరే," అంది. "ముందు నాదని రాసుంటే వచ్చేదాన్ని కాదు." చాట పక్కన పెట్టి, "అది కాదయ్యా అసలు బాధ. ఏడు అంటే ఉత్త అంకె గాదు గదా. ఎవురినో ఏడవమన్నట్టే ఉంటది. గోడ పక్కన ఇంత పేట పెట్టుకుని, నా మనవరాల్ని పెట్టుకుని, ఏడు ఏడు అని ఎట్టా అనను?"

మూడు కొత్త బిళ్లలూ సిద్ధంగా ఉన్నాయని చెప్పాను. చెప్పి, బస్సు పోతుందని లేచాను. రోడ్డు దాకా వచ్చాక వెనకనుంచి కేకేసింది, ఎల్లుండి పొద్దున వస్తానని.

కార్తీక శుద్ధ పంచమి

వచ్చింది. తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. నసీమా గారు గోడకు ఆనుకుని నిలబడ్డారు. నేను కంటి గొట్టం దగ్గర కూర్చున్నాను. నడిమి కుదర్చడానికి గంట పట్టింది.

"లాభం. రెండు. మూడు. నాలుగు. అయిదు. ఆరు."

తిరగలి టక్కుమంది. నా కంటి ముందు అంతా చీకటి. అక్క పెదాలు కదిలాయి. యంత్రం, "వినపడలేదు. మళ్ళీ చెప్పండి," అంది. దాన్ని ఇన్నేళ్లుగా తిడుతున్నాను గానీ, ఇవాళ్టంత కోపం ఎప్పుడూ రాలేదు.

"ఏడు," అంది అక్క, గొణిగినట్టు.

"వినపడలేదు. మళ్ళీ చెప్పండి."

నసీమా గారు ఏదో అనబోతే అక్క చెయ్యెత్తి ఆపింది. తువ్వాలు మెడ మీంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. "ఏడు!" అని గట్టిగా అంది. ఫోటో పడింది.

మూడు బిళ్లలు. మూడుసార్లు అంది. రెండోసారి నుంచి యంత్రం మళ్ళీ అడగలేదు. తొమ్మిదో మెట్టు అయ్యాక బయటికి వెళ్లి, కుళాయి కింద నోరు చాలాసేపు పుక్కిలించింది. యంత్రం మూడింటికీ ముద్ర కొట్టింది. పదకొండేళ్లలో మొదటిసారి "కుశలం" కాదు.

కార్తీక శుద్ధ ఏకాదశి

మండలి ఉత్తర్వు నిన్న వచ్చింది. ఇవాళ్టి నుంచి లోతుపేట ఖాళీ. మిగతా ముక్కల బిళ్లలన్నీ మళ్ళీ తీయాలి. రోజుకు ఆరు చేస్తున్నాం. నేను పక్కనే కూర్చుని ప్రతి మెట్టూ చూస్తున్నాను. కళ్లు మండుతున్నాయి.

పేటవాళ్లను మెరక మీద పాత గోదాముల్లో పెట్టారు. మంచాలు, మేకలు, బాతుల గంపలు, టీవీలు. లోతుపేట పెద్ద నాంచారయ్య చివరిదాకా కదలనన్నాడు. ఆయన వల మరమ్మతు సగంలో ఉందట. వలను చెక్క చట్రంతో సహా నలుగురు మోసుకొచ్చారు.

కార్తీక పౌర్ణమి

పోటు వచ్చింది. గోడ అంచుకు జానెడు కింద దాకా వచ్చి వెళ్లిపోయింది. గోడ నిలబడింది.

నిలబడితే సంతోషించాలి. నేను సంతోషించలేదని రాయడానికి సిగ్గుగా ఉంది. పొద్దుటి నుంచి దాని వంకే చూస్తూ, తెగితే తెగవే అనుకున్నాను.

కార్తీక బహుళ తదియ

నాంచారయ్య ముప్పైమందిని వెంటేసుకుని వచ్చాడు.

"నల్ల ఫోటో చూపించి మూడొందల కొంపలు లేపారు. గోడ రాయిలా ఉంది. గోదాముల్లో పిల్లలకి గజ్జి పట్టింది. రేపు మేం దిగిపోతన్నాం. ఎవుడాపుతాడో చూత్తాం," అన్నాడు. తర్వాత అక్క వైపు తిరిగి, "నీకేం పోయిందే సామ్రాజ్యం? నీదీ ఆ పేటే గదా!" అన్నాడు.

అక్క నా వంక చూసింది. నేను అలిసిపోయి ఉన్నాను. వాదించడానికి ఓపిక లేదు. పద్నాలుగో ముక్క బిళ్ల బయటికి తీసి, కంటి గొట్టం ముందు కుర్చీ జరిపాను. "కూర్చో నాంచారయ్యా. నువ్వే చూడు. అక్క తిప్పుతుంది."

ముందు మంచి బిళ్ల చూపించాం. రంగురంగుల గింజలు ఒకటొకటి ఆరుతూ వెలుగుతూ ఉంటే, "భలే ఉందే," అన్నాడు, కోపం మరిచిపోయి. తర్వాత లోతుపేట బిళ్ల. ఏడో మెట్టు దగ్గర కుర్చీలో వెనక్కి జరిగాడు.

"ఏందిది, కరెంటు పోయిందా?"

"పోలేదు. అదే నీ ఇంటెనక గోడ," అంది అక్క. ఎనిమిదికి తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పి చూపించింది. "అన్నీ ఒకేపక్కకి తిరిగి నిలబడ్డయ్యి. ఒక్కటి పక్కకి జరిగితే అన్నీ జరుగుతయ్యి."

వరసలో నిలబడి ముప్పైమందీ చూశారు. ఒక్కొక్కరికీ అక్క అలాగే తిప్పింది, అలాగే చెప్పింది. సాయంత్రమైంది. వచ్చే అమావాస్య దాకా ఆగుతామని నాంచారయ్య అన్నాడు. మాకు ఒప్పుకున్నట్టు కాకుండా, మాకే గడువిచ్చినట్టు అన్నాడు. సామాన్ల కోసం రోజూ పొద్దున పది దాకా పేటలోకి వెళ్లనివ్వాలని షరతు పెట్టాడు. నసీమా గారు సరేనన్నారు. నాకిష్టం లేదు.

కార్తీక బహుళ అష్టమి

మామూలు రోజు. పోటు కూడా లేదు, నీళ్లు గోడకు సగం దాకే ఉన్నాయి. పొద్దున ఎనభైమంది పేటలోకి వెళ్లారు, పదింటికి గేటు వేశారు. మేం మూడు బిళ్లలు పూర్తిచేశాం. మధ్యాహ్నం రెండున్నరకు అక్క నాలుగో బిళ్ల తిప్పుతోంది. చప్పుడు పెద్దగా రాలేదు. ఎక్కడో గాజుపలక కోసినట్టు వినపడింది, అంతే.

మేం మెరక అంచుకు వచ్చేసరికి పద్నాలుగో ముక్క నిలువునా రెండుగా తెరుచుకుని ఉంది. గీత గీసి కోసినట్టుంది. నీళ్లు తొందరపడకుండా లోపలికి వస్తున్నాయి. ఇళ్ల కప్పులు ఒక్కొక్కటీ మునుగుతున్నాయి.

గేటు దగ్గర లెక్క సరిపోయిందని కాపలావాడన్నాడు. నేను నమ్మలేదు. యంత్రం లెక్కలూ మనుషుల లెక్కలూ నమ్మే వయసు నాకు దాటిపోయింది. అక్క పేటవాళ్ల జాబితా తెప్పించుకుని గోదాము మెట్ల మీద నిలబడి ఇంటింటి పేరూ పిలిచింది. మూడువందల పన్నెండు ఇళ్లు. పలికినవాళ్లను చూసి, చెయ్యెత్తించి, అప్పుడే తర్వాతి పేరు చదివింది. రెండు గంటలు పట్టింది. మధ్యలో గొంతు పోయింది, నీళ్లు తాగి మళ్ళీ చదివింది.

నాంచారయ్య పేరుకు జవాబు రాలేదు. మూడుసార్లు పిలిచింది. గోదాములో వల పెట్టిన గదిలో ఉన్నాడేమోనని నేను పరుగెత్తాను. నా వయసులో పరుగెత్తకూడదు. అక్కడ లేడు. గోదాము వెనక, నీళ్ల వైపు తిరిగి రాతి మీద కూర్చుని ఉన్నాడు. పిలిచింది వినపడలేదా అని కసిరాను.

"వినపడింది," అన్నాడు. "నోరు రావట్లేదు."

భుజం పట్టుకుని తీసుకొచ్చి అక్క ముందు నిలబెట్టాను. అక్క ఆయన చెయ్యి తనే పట్టుకుని పైకెత్తింది. తర్వాత జాబితా మడిచి, మెట్ల మీద కూలబడి, అందరిముందూ వెక్కివెక్కి ఏడ్చింది. చాలామంది ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఇళ్లు పోయినందుకు కొందరు, ఇళ్లు మాత్రమే పోయినందుకు కొందరు. నేను ఎందుకో చెప్పలేను. తొమ్మిదో ముక్కవాళ్లకు ఇలా పేర్లు పిలిచినవాళ్లు లేరని మాత్రం తెలుసు.

సాయంత్రం నసీమా గారు మండలి ఫారం తెచ్చారు. నింపి సంతకం పెట్టాల్సింది నేనే. గడులు చిన్నవి, ఒక్కో గడిలో ఒక్క మాటే పడుతుంది.

గోడ, పద్నాలుగో ముక్క: లేదు.

లోతుపేట ఇళ్లు: లేవు.

లోతుపేట మనుషులు:

"లేరు" అని రాసేశాను. ఆ సమయానికి పేటలో ఎవరూ లేరు, అది నిజమే. రాసినదాన్ని చూసుకున్నాను. పైన ఎక్కడో కూర్చుని చదివేవాడికి ఆ మాట ఎలా వినపడుతుందో తెలిసింది. కొట్టేశాను. నసీమా గారు కొట్టివేత ఉంటే ఫారం చెల్లదన్నారు. చెల్లకపోతే ఇంకొకటి ఇవ్వమన్నాను.

కొత్త ఫారంలో మొదటి రెండు గడులూ మళ్ళీ నింపాను. మూడో గడిలో మెల్లగా, పెద్ద అక్షరాలతో, గీత దాటి పక్క గడిలోకి పోయినా ఆగకుండా రాశాను: అందరూ ఉన్నారు.